టర్బో పెట్రోల్ కారుకి బ్లో ఆఫ్ వాల్వ్: కొనే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేనేళ్ల క్రితం మన రోడ్ల మీద టర్బో అంటే దాదాపు డీజిల్ కారే. ఇప్పుడు ఒక లీటరు, మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌కి కూడా టర్బో ఉంటోంది. వెన్యూ, నెక్సాన్, ఫ్రాంక్స్, టైగన్ లాంటి కార్లు కొన్న కుర్రాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే: గేర్ మార్చినప్పుడు వచ్చే ఆ "తుస్స్" శబ్దం నా కారుకి ఎలా తెప్పించాలి? దానికి జవాబు చెప్పబోతే ప్రతిసారీ గంటసేపు మాట్లాడాల్సి వస్తోంది. అందుకే అన్నీ ఒకచోట రాశాను. శబ్దాన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు, నాకూ ఇష్టమే. కానీ ఆ శబ్దం చేసే బ్లో ఆఫ్ వాల్వ్‌ని మాత్రం శబ్దం విని ఎంచుకోకూడదు. మీ ఇంజిన్ గాలిని ఎలా కొలుస్తుందో తెలుసుకుని ఎంచుకోవాలి. ఇక్కడ రాసినదాంట్లో సగం ఆ విషయం చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఈ వాల్వ్ చేసే పనేంటి?

ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగ టర్బోలో ఒక వైపు ఉన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకి రెండో వైపు ఉన్న కంప్రెసర్ చక్రం గాలిని లోపలికి లాగి, నొక్కి, ఇంజిన్‌కి పంపుతుంది. చిన్న కార్ల టర్బోలు గట్టిగా పనిచేస్తున్నప్పుడు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరుగుతాయి.

మీరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే పళ్లెం లాంటి తలుపు, మూసుకుపోతుంది. టర్బో మాత్రం ఆ వేగంలోనే ఉంటుంది, గాలిని తోస్తూనే ఉంటుంది. ఆ గాలి ఎక్కడికి పోవాలి? టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య పైపులో ఒత్తిడి పెరిగి, గాలి వెనక్కి తిరిగి కంప్రెసర్ రెక్కల మీద విరుచుకుపడుతుంది. దీన్నే సర్జ్ అంటారు. సరిగ్గా ఆ క్షణంలో తెరుచుకుని ఆ గాలికి దారి ఇచ్చేదే ఈ వాల్వ్. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే మూసుకుంటుంది.

అంటే ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిదన్నమాట?

కాదు. ఈ పోలికతోనే చాలా గందరగోళం మొదలవుతుంది, అందుకని ఇక్కడ కొంచెం ఆగుదాం.

కుక్కర్ వెయిట్‌కి తెలిసింది ఒకటే: లోపల ఒత్తిడి ఇంత దాటితే లేవాలి. బ్లో ఆఫ్ వాల్వ్‌కి "ఇంత" అనే లెక్క లేదు. దాని పిస్టన్‌కి కింద టర్బో పైపులోని గాలి ఉంటుంది. పైన స్ప్రింగ్ ఉంటుంది, దానికి తోడు ఒక సన్నని గొట్టం ద్వారా వచ్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (థ్రాటిల్ దాటాక గాలిని సిలిండర్లకి పంచే భాగం) ఒత్తిడి కూడా ఉంటుంది. మీరు ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి ఒక బార్ బూస్ట్‌లో వెళ్తున్నారనుకోండి (టర్బో బయటి గాలి కంటే అదనంగా పెంచే ఒత్తిడే బూస్ట్; బార్, పీఎస్ఐ దాని కొలతలు). థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంది కాబట్టి పిస్టన్ కిందా ఒక బారే, పైనా దాదాపు ఒక బారే. రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తే మిగిలేది స్ప్రింగ్ బలం. వాల్వ్ మూసే ఉంటుంది. రెండు బార్ల బూస్ట్ ఇచ్చినా లెక్క మారదు.

ఇప్పుడు కాలు తీశారు. థ్రాటిల్ మూసుకుంది. మానిఫోల్డ్‌లో ఒక్కసారిగా వ్యాక్యూమ్ ఏర్పడి అక్కడి ఒత్తిడి మైనస్ 0.6 బార్ దాకా పడిపోతుంది. పిస్టన్‌ని కింద నుంచి ఒక బార్ పైకి తోస్తోంది, పైన 0.6 బార్ వ్యాక్యూమ్ లాగుతోంది. మొత్తం 1.6 బార్ల తేడా. మామూలు స్ప్రింగ్ ఏదైనా దీనికి లొంగుతుంది.

కాబట్టి "నా కారు 18 పీఎస్ఐ బూస్ట్, దానికి సరిపడా గట్టి స్ప్రింగ్ ఇవ్వండి" అని అడగడం సరికాదు. స్ప్రింగ్‌ని ఎంచుకోవాల్సింది బూస్ట్‌ని బట్టి కాదు, ఐడ్లింగ్‌లో ఉండే వ్యాక్యూమ్‌ని బట్టి. ఎలాగో కింద చెబుతాను.

వేస్ట్‌గేట్ కూడా ఇదే పని చేస్తుందా?

లేదు. వేస్ట్‌గేట్ పొగ వైపు ఉంటుంది. టర్బో మరీ ఎక్కువ వేగంగా తిరగకుండా కొంత పొగని పక్కదారి పట్టించి బూస్ట్‌ని అదుపులో ఉంచేది అదే. బ్లో ఆఫ్ వాల్వ్ చల్లగాలి వైపు ఉంటుంది, కాలు తీసినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. బూస్ట్ హద్దు దాటుతోందంటే చూడాల్సింది వేస్ట్‌గేట్‌ని. ఈ వాల్వ్ మార్చితే ఆ సమస్య తీరదు.

ఎన్ని రకాలున్నాయి?

గాలిని ఎక్కడికి వదులుతుందన్న దాన్ని బట్టి మూడు. బయటికి వదిలేది ఒకటి. మనవాళ్లు బ్లో ఆఫ్ అన్నా, డంప్ వాల్వ్ అన్నా దీన్నే అంటారు. "తుస్స్" దీనిదే. రెండోది గాలిని మళ్లీ టర్బో నోటి దగ్గరికే తిప్పి పంపేది. దీన్ని డైవర్టర్ అనీ, బైపాస్ అనీ, రీసర్క్యులేటింగ్ వాల్వ్ అనీ అంటారు. వాల్వ్ ఉన్న కార్లకి కంపెనీ నుంచి దాదాపు ఎప్పుడూ వచ్చేది ఇదే. మూడోది సగం బయటికి, సగం లోపలికి వదిలే హైబ్రిడ్ రకం.

తెరుచుకునే తీరుని బట్టి చూస్తే వ్యాక్యూమ్ గొట్టంతో పనిచేసేవి ఒక రకం, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చెప్పినప్పుడు కరెంటుతో తెరుచుకునేవి ఇంకో రకం. ఎలక్ట్రిక్ వేస్ట్‌గేట్ ఉన్న కొన్ని కొత్త చిన్న ఇంజిన్లలో ఈ వాల్వ్ అసలు ఉండనే ఉండదు. ముందు మీ కారులో వాల్వ్ ఉందో లేదో, ఉంటే ఏ రకమో చూసుకోండి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాక చూసుకునే విషయం కాదిది.

నా కారుకి గాలిని బయటికి వదిలే రకం పెట్టవచ్చా?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో ఈసీయూకి తెలియాలి. దాన్ని బట్టే పెట్రోల్ ఎంత కొట్టాలో లెక్క వేస్తుంది. తెలుసుకునే దారులు ముఖ్యంగా రెండు. కొన్ని కార్లలో ఎయిర్ ఫిల్టర్ దాటగానే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉంటుంది. లోపలికి వచ్చిన ప్రతి గ్రాము గాలినీ గుమ్మం దగ్గరే లెక్కపెడుతుంది. మరికొన్ని కార్లలో మానిఫోల్డ్ దగ్గర ప్రెషర్ సెన్సార్, అంటే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. అది గుమ్మం దగ్గర లెక్కపెట్టదు. ఇంజిన్ గడప దగ్గర ఒత్తిడి ఎంతుందో, గాలి ఎంత వేడిగా ఉందో చూసి లెక్క కడుతుంది.

గుమ్మం దగ్గర లెక్కపెట్టే కారులో గాలిని బయటికి వదిలేస్తే ఏమవుతుంది? ఈసీయూ దృష్టిలో ఆ గాలి ఇంకా లోపలే ఉంది. దానికి సరిపడా పెట్రోల్ కొట్టేస్తుంది. తీరా గాలి లేదు. ఒక్క క్షణం మిశ్రమం మరీ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి పెట్రోల్ ఉంటుంది. గేర్ మార్చినప్పుడు జర్కు, సైలెన్సర్‌లో టప్‌మని పేలుడు, సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే ఇంజిన్ ఆగిపోవడం, నల్లపొగ, ఇవన్నీ దీని ఫలితాలే. ఇలాగే ఏళ్ల తరబడి నడిపితే కాలని పెట్రోల్ వెళ్లి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తుంది. ఇలాంటి కార్లకి గాలిని తిప్పి పంపే డైవర్టరే సరైనది. సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్, మిత్సుబిషి ఎవల్యూషన్ లాంటి పేరున్న ర్యాలీ కార్లకి కూడా కంపెనీ ఇచ్చింది తిప్పి పంపే వాల్వే. మన దగ్గర 2000ల మధ్యలో అమ్ముడైన 1.8 టర్బో ఆక్టేవియా ఆర్‌ఎస్ కూడా ఈ కోవలోదే. పాత ఆర్‌ఎస్ కొని, ముందుగా డంప్ వాల్వ్ బిగించి, ఆ తర్వాత ఐడ్లింగ్ సరిగా లేదని స్పార్క్ ప్లగ్గులూ కాయిల్సూ మార్చుకుంటూ పోయినవాళ్లని చూశాను. బాధగా ఉంటుంది. ఆ కారులో జబ్బు లేదు, వాల్వ్ తప్పు.

మ్యాప్ సెన్సార్ కారులో ఈ గొడవ చాలావరకు ఉండదు. ఫియట్ లీనియా టీ-జెట్, అబార్త్ పుంటో ఇలాంటివి. గాలి ఇంజిన్ గడప దాకా రాకముందే బయటికి పోయింది, లెక్కలోకే రాలేదు. అయినా "బిగించుకోవచ్చు", "బిగించాలి" ఒకటి కాదు. కొత్త కార్ల ఈసీయూలు బూస్ట్ ఎంత ఉండాలో ముందే అంచనా వేసుకుంటాయి. ఆ అంచనాకి దూరం జరిగితే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది.

నా కారులో ఏ సెన్సార్ ఉందో ఎలా తెలుస్తుంది?

బోనెట్ తెరిచి ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకి వెళ్లే పైపు చూడండి. డబ్బా దాటగానే వైర్లున్న చిన్న సెన్సార్ కనిపిస్తే అది మాస్ ఎయిర్ ఫ్లో అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్క జాగ్రత్త: కొన్ని కార్లలో అక్కడ ఉండేది గాలి వేడి కొలిచే సెన్సార్ మాత్రమే. దాని మీద ఉన్న పార్ట్ నంబర్ వెతికితే తేలిపోతుంది. కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే గాలి గ్రాముల్లో కనిపించినంత మాత్రాన నమ్మకండి. మ్యాప్ కార్లలో కూడా కొన్ని ఈసీయూలు ఆ అంకెని లెక్కకట్టి చూపిస్తాయి. కొన్ని కార్లలో రెండు సెన్సార్లూ ఉంటాయి. అలాంటప్పుడు తిప్పి పంపే రకానికే కట్టుబడండి.

వాల్వ్ మారిస్తే పికప్ పెరుగుతుందా?

పెరగదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో ఈ వాల్వ్ మూసి ఉంటుంది. మూసి ఉన్న తలుపు ఇంజిన్‌కి హార్స్‌పవర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

అయితే పాత వాల్వ్ బూస్ట్‌లో లీక్ అవుతుంటే, కొత్తది పెట్టాక కారు ఒక్కసారిగా హుషారైనట్టు అనిపిస్తుంది. అది పోయిన బలం తిరిగి రావడం, కొత్తగా వచ్చింది కాదు. అందుకే నా సలహా: కొత్త వాల్వ్ కొనే ముందు ఉన్నదాన్ని పరీక్షించండి. బాగుంటే ఆ డబ్బు మంచి టైర్లకి పెట్టండి. గేర్ మార్చాక మళ్లీ బూస్ట్ అందుకోవడంలో మంచి వాల్వ్‌కీ మామూలు వాల్వ్‌కీ కాస్త తేడా ఉంటుంది, నిజమే. చిన్న టర్బో ఉన్న రోజువారీ కారులో ఆ తేడా కాలికి తెలియదు.

మా డీజిల్ కారుకి పెట్టించుకోవచ్చా?

అవసరం లేదు. డీజిల్ ఇంజిన్ వేగాన్ని గాలి ఆపి తగ్గించరు, డీజిల్ తగ్గించి తగ్గిస్తారు. కాలు తీసినా గాలి దారి మూసుకోదు కాబట్టి సర్జ్ సమస్య రాదు. కొన్ని డీజిల్ ఇంజిన్లలో థ్రాటిల్ లాంటి పళ్లెం ఉంటుంది కానీ అది వేరే పనులకి. డీజిల్ కిట్లు అని అమ్మేవి కరెంటు స్విచ్‌తో కాసేపు బూస్ట్ గాలిని బయటికి వదిలి శబ్దం చేస్తాయి, అంతే. బిగించిన చోట రేపు లీక్ వస్తే ఉన్న బలం కూడా పోతుంది.

స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలి?

ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ సముద్రమట్టం దగ్గర 18 నుంచి 22 ఇంచుల పాదరసం దాకా చూపిస్తుంది. అంటే సుమారు 60 నుంచి 75 కిలోపాస్కల్స్. ఆ వ్యాక్యూమ్ పిస్టన్‌ని పైకి లాగుతూ ఉంటుంది. కింద పైపులో బూస్ట్ లేదు.

గాలిని బయటికి వదిలే రకమైతే ఐడ్లింగ్‌లో ఆ స్ప్రింగ్ వాల్వ్‌ని మూసి ఉంచాలి. లేకపోతే ఆ సందులోంచి ఫిల్టర్ దాటని దుమ్ముగాలి లోపలికి వస్తుంది. మాస్ ఎయిర్ ఫ్లో కారైతే ఐడ్లింగ్ కూడా ఊగుతుంది. స్ప్రింగ్ మరీ గట్టిదైతే ఇంకో ఇబ్బంది: ట్రాఫిక్‌లో 0.3 బార్ బూస్ట్‌లో ఉండి కాలు కొంచెం తీసినప్పుడు వచ్చే చిన్న తేడాకి వాల్వ్ తెరుచుకోదు. గాలి వెనక్కి తన్ని టపటపమంటుంది. ఈ రెండింటి మధ్య, ఐడ్లింగ్‌లో మూసుకునీ మూసుకోనట్టు కాకుండా కచ్చితంగా మూసుకునే అతి మెత్తని స్ప్రింగే సరైనది. టయల్ లాంటి కంపెనీలు వ్యాక్యూమ్ అంకెని బట్టి వేర్వేరు స్ప్రింగులు ఇస్తాయి.

తిప్పి పంపే రకానికి ఇంత టెన్షన్ లేదు. ఐడ్లింగ్‌లో కాస్త తెరుచుకున్నా గాలి లోపల్లోపలే తిరుగుతుంది. మెత్తని స్ప్రింగ్ వేసుకోవచ్చు, చిన్న కదలికకి కూడా చక్కగా తెరుచుకుంటుంది. నేను డైవర్టర్ వైపు మొగ్గు చూపడానికి ఇదొక కారణం.

మన ఊళ్లకి సంబంధించిన చిన్న మెలిక ఒకటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ వాతావరణ పీడనం సుమారు 95 కిలోపాస్కల్స్, విశాఖలో 101. అదే ఇంజిన్ ఐడ్లింగ్‌లో హైదరాబాద్ కంటే విశాఖలో దాదాపు రెండు ఇంచుల పాదరసం ఎక్కువ వ్యాక్యూమ్ చూపిస్తుంది. స్ప్రింగ్‌ని హైదరాబాద్‌లో అంచు మీద సెట్ చేసుకుని సంక్రాంతికి కోస్తాకి వెళ్తే, అక్కడ ఐడ్లింగ్‌లో వాల్వ్ సన్నగా తెరుచుకునే అవకాశం ఉంది. కొంచెం మిగులు పెట్టుకోండి.

పిస్టన్ రకమా, డయాఫ్రమ్ రకమా?

డయాఫ్రమ్ అంటే రబ్బరు పొర. చిన్న ఒత్తిడికే స్పందిస్తుంది, లూబ్రికేషన్ అడగదు, మూసుకున్నప్పుడు బాగా సీల్ అవుతుంది. కానీ వేడికి గట్టిపడి చిరుగుతుంది. వోక్స్‌వ్యాగన్, ఆడి 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ ఇంజిన్ల తొలి డైవర్టర్లలో ఈ పొర చిరగడం ప్రపంచమంతా ఎరిగిన సమస్యే, కంపెనీ ఆ పార్ట్‌ని కొన్నిసార్లు మార్చింది కూడా. పిస్టన్ రకం ఎక్కువ బూస్ట్‌కి తట్టుకుంటుంది. కానీ క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి, దుమ్ము కలిసి జిగురుగా పట్టి పిస్టన్ ఇరుక్కుంటుంది. ఏడాదికోసారి విప్పి తుడవాలి. తుడిచే ఓపిక ఉంటే పిస్టన్ తీసుకోండి. లేకపోతే కంపెనీ డయాఫ్రమే మేలు, చిరిగినప్పుడు కొత్తది వేసుకోవచ్చు.

మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలు ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో నిలబడిన కారు బోనెట్ కింద ఏ రబ్బరు పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. చల్లని దేశాల్లో "దీని ఆయుష్షు ఇంత" అని చెప్పే మాట మనకి వర్తించదు.

పెద్ద వాల్వ్ అయితే మంచిదా?

కాదు. కంపెనీ టర్బో, కంపెనీ బూస్ట్ ఉన్న కారుకి 25 మిల్లీమీటర్ల గొట్టానికి సరిపోయే వాల్వ్ చాలు. టయల్ క్యూ లాంటి 50 మిల్లీమీటర్ల వాల్వులు పెద్ద టర్బోలు, వందల హార్స్‌పవర్ ఉన్న ఇంజిన్ల కోసం చేసినవి. చిన్న టర్బోకి అవి పెడితే సీలింగ్ పెద్దది, బరువు పెద్దది, లాభం మాత్రం కనిపించదు.

నా కారులో ఉన్నది ఎలక్ట్రానిక్ వాల్వ్. దాన్ని తీసేసి వ్యాక్యూమ్ రకం వేయవచ్చా?

వేయవచ్చు, కానీ నేను చేయను. ఈసీయూ ఆ వాల్వ్ వైరింగ్‌ని గమనిస్తూ ఉంటుంది. ప్లగ్ పీకేస్తే ఆ వాల్వ్ సర్క్యూట్‌లో లోపం ఉందని చెప్పే పీ0033 వర్గం కోడ్లు వస్తాయి, కొన్ని కార్లు బలం తగ్గించి నడిచే మోడ్‌లోకి పోతాయి. పైగా ఎలక్ట్రానిక్ వాల్వ్ కేవలం కాలు తీసినప్పుడే కాదు, ఈసీయూకి అవసరమనిపించిన ఇతర సందర్భాల్లో కూడా తెరుచుకోగలదు. ఆ తెలివిని తీసేసి పాత పద్ధతికి వెళ్లడం దేనికి?

నిజంగా బలమైన భాగం కావాలనుకుంటే, కరెంటుతో వాల్వ్‌ని కదిలించే కంపెనీ సోలినాయిడ్‌ని అలాగే ఉంచి లోపలి ప్లాస్టిక్ లేదా రబ్బరు భాగాన్ని మాత్రం లోహపు పిస్టన్‌తో మార్చే కిట్లు ఉన్నాయి. ఆస్ట్రేలియా కంపెనీ జీఎఫ్‌బీ తయారు చేసే డీవీ ప్లస్ అలాంటిది. ఈసీయూకి తేడా తెలియదు. ట్యూన్ చేయించి బూస్ట్ పెంచినవాళ్లకి ఇది పనికొస్తుంది.

కాలు తీసినప్పుడు పావురాల గుంపు లేచినట్టు టపటపమంటోంది. టర్బో పోతుందా?

కంగారు పడకండి. తక్కువ బూస్ట్‌లో అప్పుడప్పుడు వచ్చే టపటప వల్ల టర్బో రేపే పోదు. 1980లలో కొన్ని టర్బో కార్లు ఈ వాల్వ్ లేకుండానే వచ్చాయి, నడిచాయి. అయితే ఎక్కువ బూస్ట్‌లో ప్రతి గేరుకీ వస్తుంటే షాఫ్ట్‌ని ముందుకీ వెనక్కీ పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది. అసలు ప్రమాదం మాత్రం యాక్సిలరేటర్ తొక్కి ఉన్నప్పుడు వచ్చే సర్జ్. టర్బో, ఇంజిన్ ఒకదానికొకటి పొసగనప్పుడు వస్తుంది అది. దానికి ఈ వాల్వ్ మందు కాదు.

టపటప కొత్తగా మొదలైందంటే ముందు వ్యాక్యూమ్ గొట్టం చూడండి. ఎక్కువసార్లు పగుళ్లు అక్కడే ఉంటాయి.

ఎక్కడ బిగించాలి? గొట్టం ఎక్కడి నుంచి తీయాలి?

కంపెనీ ఇచ్చిన చోటే సరిపోయేలా వస్తే అదే మంచిది. కొత్తగా పైపు వెల్డింగ్ చేయించాల్సి వస్తే, గాలిని బయటికి వదిలే రకాన్ని ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) తర్వాత, థ్రాటిల్‌కి దగ్గరగా పెట్టించండి. తిప్పి పంపే రకమైతే దాని తిరుగు గొట్టం తప్పకుండా ఎయిర్ ఫ్లో సెన్సార్ తర్వాత, టర్బోకి ముందు కలవాలి. సెన్సార్‌కి ముందు కలిపితే అదే గాలిని రెండోసారి లెక్కపెడుతుంది.

వ్యాక్యూమ్ గొట్టం విషయంలో మాత్రం రాజీ వద్దు. థ్రాటిల్ తర్వాత, మానిఫోల్డ్ నుంచే తీయాలి. వీలైనంత పొట్టిగా ఉండాలి. ఈ వాల్వ్‌కి ఒక్కదానికే ఉండాలి. బూస్ట్ గేజ్‌కీ దీనికీ కలిపి ఒకే గొట్టానికి టీ ఆకారపు జాయింట్ పెట్టేస్తుంటారు, పని జరుగుతుంది కానీ వాల్వ్ మందగిస్తుంది. బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని ఏ పరిస్థితిలోనూ ముట్టుకోకండి. అందులో వన్ వే వాల్వ్ ఉంటుంది కాబట్టి బూస్ట్ సిగ్నల్ రాదు, పైగా బ్రేకులతో ప్రయోగాలు చేయకూడదు.

ఆన్‌లైన్‌లో పేరున్న కంపెనీ వాల్వ్ చాలా తక్కువ ధరకి దొరుకుతోంది. తీసుకోవచ్చా?

హెచ్‌కేఎస్, ఫోర్జ్, టర్బోస్మార్ట్, టయల్ పేర్లతో నకిలీలు చాలా ఉన్నాయి. పైకి రంగు, లోగో, డబ్బా అన్నీ అలాగే ఉంటాయి. తేడా అంతా లోపల, స్ప్రింగ్‌లో, ఓ-రింగుల్లో, పిస్టన్ కూర్చునే సీటు నునుపులో ఉంటుంది.

నా మొదటి టర్బో పెట్రోల్ కారుకి అలాంటిదే ఒకటి బిగించాను. శబ్దం అద్భుతంగా ఉంది, నెల రోజులు సంతోషంగా తిరిగాను. తర్వాత ఓవర్‌టేక్ చేసేటప్పుడు కారు బరువుగా అనిపించడం మొదలైంది. బూస్ట్ తక్కువైందని చెప్పే పీ0299 కోడ్ వచ్చింది. ఒక షెడ్‌లో టర్బో అరిగిపోయింది, మార్చాలి అన్నారు. ఆ మాట విని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి మా ఊరి పాత మెకానిక్ ఒకాయన టర్బో ముందు పైపు విప్పి, మూత బిగించి, కంప్రెసర్‌తో కొంచెం గాలి ఎక్కించి, అన్ని జాయింట్ల మీదా సబ్బు నీళ్లు పోశాడు. పంక్చర్ షాపులో ట్యూబ్ ముంచినప్పుడు వచ్చినట్టు వాల్వ్ సీటు చుట్టూ బుడగలు వచ్చాయి. టర్బో నిక్షేపంలా ఉంది. కంపెనీ వాల్వ్ తిరిగి పెట్టగానే కారు మామూలైంది. ఆయన దగ్గర నేర్చుకున్న ఆ సబ్బు నీళ్ల పరీక్ష ఇప్పటికీ నా మొదటి పరీక్ష. మీరూ చేయించుకోవచ్చు, కానీ గాలి ఒత్తిడిని మీ కారు మామూలు బూస్ట్ దాటనివ్వకండి, మూత ఎదురుగా మొహం పెట్టకండి.

కారుకి సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ ఉంది. ఏమైనా తేడా ఉందా?

ఉంది, ప్రాణం మీదికి తెచ్చేంత తేడా. గ్యాస్‌ని ఇంజిన్ పోర్టుల దగ్గర ఇంజెక్టర్లతో కొట్టే సీక్వెన్షియల్ రకమైతే టర్బో పైపులో ఉండేది గాలి మాత్రమే. పాత మిక్సర్ రకం కిట్ బయట వేయించి, గ్యాస్ టర్బోకి ముందే గాలిలో కలిసేలా పెట్టి ఉంటే, బయటికి వదిలే వాల్వ్ ప్రతిసారీ వేడి బోనెట్ కింద మండే గ్యాస్ వదులుతుంది. అలాంటి కారుకి ఆ రకం వాల్వ్ పెట్టనే కూడదు.

ఆర్టీవో, పోలీసులు, వారంటీ?

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉండవచ్చు, రెండూ పడవచ్చు. శబ్దం, పొగ హద్దులు దాటితే 190(2) వేరే ఉంది. కంపెనీ పార్ట్ స్థానంలో అదే పని చేసే డైవర్టర్ పెట్టడం వేరు, రాత్రి పది గంటలకి కాలనీలో తుస్సుమనిపించడం వేరు. ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న వీధులవి. వారంటీలో ఉన్న కారైతే అది పూర్తయ్యేదాకా దేన్నీ ముట్టుకోకండి. టర్బో ఖరీదు చూశాక ఈ మాట ఎందుకన్నానో అర్థమవుతుంది.

బిగించాక సరిగా పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు చేతి వ్యాక్యూమ్ పంపుని వాల్వ్ పై గొట్టానికి పెట్టి 20 ఇంచుల దాకా లాగండి. డయాఫ్రమ్ రకమైతే ముల్లు ఒక నిమిషం కదలకుండా నిలవాలి. మెల్లగా పడిపోతుంటే పొర చిరిగినట్టే. పిస్టన్ రకంలో కొంచెం పడటం సహజం.

తర్వాత ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, వేగ పరిమితి లోపలే, మూడో గేరులో 3000 ఆర్‌పీఎం దాకా మెల్లగా బూస్ట్ తెచ్చి సగం కాలు తీయండి. ఇంకోసారి పూర్తిగా తీయండి. రెండుసార్లూ ఒకే ఊపిరిలా శబ్దం రావాలి. సగం తీసినప్పుడు మాత్రమే టపటపమంటే స్ప్రింగ్ ఒక మెట్టు మెత్తబరచండి. రెండుసార్లూ టపటపమంటే గొట్టం వైపు చూడండి. ఇంటికొచ్చాక ఐడ్లింగ్‌లో ఉంచి వాల్వ్ నోటి దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టుకోండి. కాగితం లోపలికి లాగుతుంటే స్ప్రింగ్ మరీ మెత్తగా ఉంది. వారం తర్వాత క్లాంపులన్నీ మరోసారి బిగించండి. వేడికి కొత్త రబ్బరు కాస్త కుదురుకుని క్లాంపులు వదులవుతాయి.